లక్షల్లో ఉన్నా ముప్పేనా? సముద్ర తాబేళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒక్కో తీరానికి లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయంటారు. మరి వాటిని ముప్పున్న జీవుల జాబితాలో ఎందుకు చేర్చారు?

జవాబు: అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) తయారుచేసే ముప్పు జాబితా, అంటే రెడ్ లిస్ట్, తలలు లెక్కపెట్టి ఊరుకోదు, తరుగుదల ఎంత వేగంగా ఉందో కూడా చూస్తుంది. ముప్పు ఇంకా కొనసాగుతూ ఉండి, పదేళ్లు లేదా మూడు తరాలు, వీటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో సంఖ్య 30 శాతం తగ్గితే ముప్పులో మొదటి మెట్టు, 50 అయితే రెండోది, 80 అయితే మూడోది. ఆలివ్ రిడ్లే మొదటి మెట్టు మీద ఉంది. లక్షలున్నాయని ధీమా పడకూడదనడానికి దాని దగ్గరి చుట్టం కెంప్స్ రిడ్లేనే సాక్ష్యం. మెక్సికోలోని రాంచో నువేవో తీరంలో 1947లో తీసిన ఫిల్మ్ చూసి, ఆ ఒక్కరోజే దాదాపు 40 వేల తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకెక్కాయని అంచనా కట్టారు. 1985లో సీజనంతా గాలిస్తే దొరికిన గూళ్లు 702.

ప్రశ్న: ఇసుకలో గుడ్లు కనిపిస్తే తీసి వేరేచోట పాతిపెట్టవచ్చా?

జవాబు: మీ అంతట మీరు ముట్టుకోవద్దు. చాలా దేశాల్లో అది నేరం. వన్యప్రాణి అధికారులకు కబురు చేయండి. కుక్కల భయమే అయితే వాళ్లు గూటి మీద ఇనుప జాలి పరిస్తే చాలు, కాకపోతే పిల్లలు దూరివచ్చేలా 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు కన్నాలుండాలి.

వాళ్లయినా పోటు నీరు ముంచే చోటైతేనే గుడ్లు మార్చాలి, అదీ గుడ్లు పెట్టిన రెండు మూడు గంటల్లో. ఆ తర్వాత పిండం పెంకు లోపల పైభాగానికి అంటుకుంటుంది. గుడ్డు తిరగబడితే ఆ పొర చిరిగి పిండం చచ్చిపోతుంది, పైకి మాత్రం గుడ్డు బాగానే కనిపిస్తుంది. హేచరీల్లో, అంటే గుడ్లు పాతి పిల్లలయ్యే దాకా కాపాడే చోట్ల, ‘ఎందుకో పిల్లలు రాలేదు’ అనుకునే గూళ్లలో చాలావాటికి కారణం ఇదే. కొత్త గుంత 45 సెంటీమీటర్ల లోతున, మెడ సన్నగా, అడుగు కుండలా గుండ్రంగా ఉండాలి. ఒక గూటి గుడ్లన్నీ, అంటే వంద పైచిలుకు, ఒకే గుంతలోకి వెళ్లాలి. గూటికీ గూటికీ మీటరు ఎడం ఉంచాలి. 45 నుంచి 60 రోజులకు పిల్లలొస్తాయి. ఇసుక వేడి 29, 30 డిగ్రీల దగ్గర ఆడా మగా కలిసి పుడతాయి. అంతకు మించితే ఎక్కువగా ఆడవే. కాబట్టి నీడ కోసం కట్టే గుడ్డ కూడా ఆలోచించి కట్టాలి.

ప్రశ్న: పిల్లల్ని నాలుగు రోజులు తొట్టెలో పెంచి వదిలితే?

జవాబు: వద్దు. పొట్టలో మిగిలిన పచ్చసొన బలంతోనే అవి మొదటి రోజంతా ఆగకుండా ఈదుకుంటూ లోతు సముద్రం చేరాలి. తొట్టెలో కొట్టుకుంటే ఆ బలం అక్కడే అయిపోతుంది. బయటికొచ్చిన రాత్రే, నీటికి కొంచెం ఎడంగా ఇసుక మీద వదలండి. టార్చి వేస్తే మటుకు మీ వెంటే వస్తాయి.

ప్రశ్న: వలలో పడిన తాబేలు కదలకపోతే చచ్చినట్టేనా?

జవాబు: కాదు. కంటి రెప్పను మెల్లగా తాకి, తోక గిల్లి చూడండి. స్పందన లేకపోయినా వెంటనే సముద్రంలో పడేయకండి, స్పృహ లేని తాబేలు అయితే మునిగిపోతుంది. పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనక భాగం కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తి పెట్టండి. ఊపిరితిత్తుల్లో నీరు కారిపోవాలి. అప్పుడప్పుడు డిప్ప అంచు పట్టుకుని ఒక పక్కకూ మరో పక్కకూ నెమ్మదిగా ఊపండి. నీడలో ఉంచి తడిగుడ్డ కప్పండి, నీళ్లతొట్టెలో మాత్రం పెట్టొద్దు. తేరుకోవడానికి నాలుగు గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి 24 గంటలు. తేరుకున్నాక ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, వల నీళ్లలో లేనప్పుడు, పడవ వెనక నుంచి వదలాలి.

ఇంత శ్రమ ఒక్క తాబేలు కోసమా అంటారేమో. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప. గుడ్లు పెట్టే ఆడ తాబేలు ఒకటి వలలో పోతే దాని లోటు పూడ్చడానికి ఎన్ని గూళ్లు కాయాలో లెక్కేసుకోండి. హేచరీల కన్నా ముందు ట్రాలర్ వలలకు తాబేళ్లు తప్పించుకునే చట్రం బిగించమనేది అందుకే. ఊచల మధ్య ఎడం 10 సెంటీమీటర్లు మించదు. రొయ్య వెనక సంచిలోకి జారుతుంది, తాబేలు ఊచలకు తగిలి పైనో కిందో ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. చెత్త ఇరుక్కుని ఆ తలుపు తెరుచుకోకపోతే చట్రం ఉన్నా లేనట్టే, వల పైకి తీసిన ప్రతిసారీ చూసుకోవాలి.