మొదటి ప్రమోషన్‌కి ఒప్పుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒక కంపెనీ వాళ్లు తమ వస్తువు గురించి రీల్ చెయ్యమని అడిగారని, డబ్బు కూడా ఇస్తామంటున్నారని, ఒప్పుకోవచ్చా, ఒప్పుకుంటే ఎంత అడగాలి అని రాశావు. రెండో ప్రశ్నకి జవాబు తేలిక, అది ఆఖర్న చెబుతాను. మొదటిదాని గురించే ఎక్కువ రాయాలి. నా ఉద్యోగమంతా ప్రకటనల ఏజెన్సీల్లో గడిచింది. పేరున్నవాళ్లకీ కంపెనీలకీ ఒప్పందాలు కుదర్చడమే నా పని. కొనేవాళ్ల మనసులో ఏముంటుందో నాకు తెలుసు.

వాళ్లు డబ్బిచ్చేది నీ మీద జనానికున్న గురికి. ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. 1765లో ఇంగ్లండ్‌లో జొసయా వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ తయారీదారుకి షార్లెట్ రాణి నుంచి టీ సెట్ ఆర్డర్ వచ్చింది. ఆ రకం పాత్రలకి ఆయన 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టి అమ్ముకున్నాడు. రాణి వాడేది మనమూ వాడాలని జనం ఎగబడ్డారు. కానీ ఆ రాణి ఎవరికీ స్నేహితురాలు కాదు. నువ్వు అలా కాదు. చూసేవాళ్ల అరచేతిలో కనిపిస్తావు, నిద్రమొహంతోనే పలకరిస్తావు, ఇంట్లో చికాకులు కూడా చెప్పుకుంటావు. 1956లోనే డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు రేడియో, టీవీ ప్రేక్షకుల్లో ఈ సంగతి గమనించి రాశారు. తెర మీది మనిషి తనతోనే మాట్లాడుతున్నట్టు చూసేవాళ్లకి అనిపిస్తుంది. తెర మీది మనిషికేమో వీళ్లెవరో తెలియదు. స్నేహితులు చెప్పిన మాటని ఎవరూ అనుమానంతో వినరు కదా. అందుకే పెద్ద సినిమా తారకిచ్చే డబ్బులో కొంత తగ్గించి, నీలాంటి చిన్న ఖాతాలు చాలామందికి పంచే పద్ధతి వచ్చింది.

ఆ గురిని తప్పుగా వాడితే నష్టపోయేది చూసేవాళ్లే. 2016 చివర్లో పేరున్న మోడళ్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు ఒకేసారి తమ ఖాతాల్లో నారింజ రంగు చతురస్రం పెట్టారు. బహామాస్ దీవుల్లో జరగబోయే ఫైర్ ఫెస్టివల్ అనే సంగీత ఉత్సవానికి అదే ప్రచారం. 2017 ఏప్రిల్‌లో టికెట్లు కొన్నవాళ్లు అక్కడికి వెళ్లి చూస్తే సరైన బస లేదు, తిండి లేదు. నిర్వాహకుడు బిల్లీ మెక్‌ఫార్లండ్‌కి మోసం నేరం కింద ఆరేళ్ల జైలు శిక్ష పడింది. ఆ చతురస్రాలు పెట్టినవాళ్లలో చాలామందికి మాత్రం ఎవరి వాకిట్లోకీ వెళ్లి జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈ వ్యాపారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మాట ఇచ్చేది ఒకరు, దాని ఖరీదు కట్టేది ఇంకొకరు.

అందుకని కొన్నిటిని గడప దగ్గరే ఆపెయ్యి. డబ్బు రెట్టింపు చేస్తామనేవి, బెట్టింగ్ యాప్‌లు, క్రిప్టో నాణేలు ఏవైనా సరే, రెండో మెసేజ్ కూడా చదవకు. కిమ్ కర్దాషియన్ 2021లో ఇథీరియంమ్యాక్స్ అనే క్రిప్టో టోకెన్ గురించి ఒక పోస్ట్ పెట్టింది. దానికి 2,50,000 డాలర్లు అందుకున్న సంగతి అందులో చెప్పలేదని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరోపించింది. 2022 అక్టోబరులో ఆమె 12.6 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆమె కట్టగలదు. ఆ పోస్ట్ చూసి నెల జీతం పెట్టినవాడి సంగతి ఆలోచించు.

ఆరోగ్యం విషయంలో నా మాట ఇంకా గట్టిది. మందులు, బరువు తగ్గించే పొడులు, 'డీటాక్స్' పేరుతో వచ్చేవి, జబ్బు నయం చేస్తామనేవి ఏవీ ఒప్పుకోకు. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే అమ్మాయి మెదడు క్యాన్సర్‌ని ఆహారంతోనే అదుపు చేసుకున్నానని చెప్పి పేరు, డబ్బు సంపాదించింది. అసలు తనకి క్యాన్సరే లేదని 2015లో బయటపడింది. 2017లో అక్కడి కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. నిజంగా జబ్బున్నవాళ్లు ఎంతమంది ఆమెని నమ్మి చికిత్స వాయిదా వేసుకుని ఉంటారో ఆలోచిస్తేనే నాకు గుండె బరువెక్కుతుంది. నువ్వు డాక్టర్‌వి కావు. 'నాకు పనిచేసింది' అన్న మాట కూడా అలాంటి చోట సలహా కిందే లెక్క.

ఇక మిగిలినవాటిలో ఏది ఒప్పుకోవాలి? నీ డబ్బు పెట్టి నువ్వు కొనుక్కుంటావా, లేదా? నేను చూసుకునేది ఇదొక్కటే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాక శీతల పానీయం ప్రకటన వస్తే కాదన్నాడు. తాను తాగనిది పిల్లలతో ఎలా తాగిస్తానన్నది ఆయన లెక్క. అప్పటికి బ్యాడ్మింటన్ ఆటగాళ్లకి క్రికెటర్లకొచ్చినన్ని అవకాశాలు లేవు. అయినా వదులుకున్నాడు. నీకొచ్చిన వస్తువు కొన్నాళ్లు వాడి చూడు. వాడటానికి టైమ్ లేదు, శుక్రవారంలోగా వీడియో కావాలంటే ఆ తొందరలోనే నీ జవాబు ఉంది.

డబ్బు తీసుకున్నానని చెప్పడం సిగ్గుపడే పని అని చాలామంది అనుకుంటారు. దాన్ని ఇరవై హ్యాష్‌ట్యాగ్‌ల అడుగున పడేస్తారు. నువ్వలా చెయ్యకు. వీడియో మొదట్లోనే నోటితో చెప్పు, తెర మీద అక్షరాలు కూడా కనిపించనీ. 'థ్యాంక్యూ' అని బ్రాండ్ పేరు పెట్టేస్తే సరిపోదు, అది ప్రకటన అని చిన్నపిల్లకి కూడా అర్థం కావాలి. లైవ్ చేస్తే ఆ మాట చివరిదాకా తెర మీద ఉండాలి. ఊరికే పంపిన వస్తువు, ఉచిత ప్రయాణం, డిస్కౌంట్ కోడ్ మీద వచ్చే కమిషన్ అన్నీ ఇందులోకే వస్తాయి. భారతదేశంలో 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. అయితే కంపెనీ చెప్పిన మాటలు నిజమో కాదో తగినంత విచారించుకున్నవాళ్లకి అదే చట్టం రక్షణ ఇచ్చింది. కాబట్టి స్క్రిప్ట్‌లో 'నూటికి నూరు శాతం', 'వారంలో ఫలితం' లాంటివి కనిపిస్తే ఆధారం చూపించమని ఈమెయిల్‌లో అడుగు. వచ్చిన జవాబు దాచుకో. ఆధారం లేకపోతే ఆ వాక్యం నీ నోటంట రాకూడదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. నీ వీడియోల్లో ఫిల్టర్ ఎక్కువవుతోంది తల్లీ. నీకు లేని నునుపు నీ చర్మానికి చూపించి క్రీమ్ అమ్మితే, ఆ క్రీమ్ రాసుకుని అద్దంలో చూసుకునే పదమూడేళ్ల పిల్ల తనలోనే లోపముందనుకుంటుంది. నార్వేలో 2022 జూలై నుంచి, శరీరం రూపురేఖలు మార్చిన ప్రకటన ఫోటోల మీద ఆ సంగతి రాసి తీరాలి. ఫ్రాన్స్ 2023 జూన్‌లో తెచ్చిన చట్టం ఇన్‌ఫ్లుయెన్సర్లకి అదే నియమం పెట్టి, కాస్మెటిక్ సర్జరీ ప్రచారాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధాన్ని అతిక్రమిస్తే రెండేళ్ల దాకా జైలు, 3,00,000 యూరోల దాకా జరిమానా. నిన్ను ఏ చట్టమూ ఆపకపోయినా అందం వస్తువు చూపించే రోజు ఫిల్టర్ తీసెయ్యి.

మీ ఇంట్లో పాపాయిని ప్రకటనల్లో చూపించొద్దు. దానికి నో చెప్పే వయసు రాలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జూలై నుంచి, వీడియోల్లో తరచూ కనిపించే పిల్లల వాటా విడిగా జమ చెయ్యాలన్న చట్టం అమల్లో ఉంది. వాటా దాచడం మంచిదే, కానీ పాప ఏడుపు, స్నానం, బడి అన్నీ లోకం చూశాక డబ్బుతో వెనక్కి రావు.

ఫాలోవర్లని కొని అంకె పెంచుకోమని ఎవరైనా చెబితే వినకు, అది కంపెనీని మోసం చెయ్యడమే.

ఇక డబ్బు సంగతి. వాళ్లు ఒకే అంకె చెప్పి అందులో అన్నీ కలిపేస్తారు. నువ్వు విడదీసి అడుగు. వీడియో చేసినందుకు ఒక రేటు. ఆ వీడియోని వాళ్లు తమ ప్రకటనల్లో వాడుకోవాలంటే యూసేజ్ రైట్స్‌కి వేరే రేటు, ఎన్ని నెలలో రాసి ఉండాలి, 'శాశ్వతంగా' అన్న మాట కొట్టేయించు. పోటీ కంపెనీలకి పనిచెయ్యొద్దంటే ఆ ఎక్స్‌క్లూజివిటీకి ఇంకో రేటు, దానికీ గడువు ఉండాలి. నీ ఖాతా పేరుతోనే వాళ్లు యాడ్‌లు నడుపుతామంటే మాత్రం మొదటిసారికి ఒప్పుకోకు, ఎవరికి ఏం చూపిస్తున్నారో నీకు తెలియకుండా పోతుంది. వస్తువు మీద నిజమైన అభిప్రాయం చెప్పే హక్కు, ప్రకటన అని చెప్పే హక్కు నీకుంటాయని ఒక వాక్యం పెట్టించు. ఆ వాక్యానికి అడ్డుచెప్పిన కంపెనీతో నేనైతే మాట్లాడటం మానేస్తాను. అడ్వాన్స్ సగం, మిగతాది వీడియో పెట్టిన ఎన్ని రోజుల్లోనో తేదీతో సహా ఉండాలి.

సంతకం పెట్టకుండా ఆ కాగితాలు నాకు పంపు. ఒక్కో క్లాజూ చదివి, మార్చాల్సిన చోట్ల మార్జిన్‌లో రాసి తిప్పి పంపుతాను.

ప్రేమతో,
అత్తయ్య