తడితేనే వెలిగే టార్చి

ప్రశ్న: నా జేబు టార్చిలో కొత్త బ్యాటరీలు వేసినా, అరచేతితో తడితే తప్ప వెలగడం లేదు. బల్బు మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. తడితే వెలుగుతోందంటే, చాలావరకు లోపం బ్యాటరీకీ లోహపు భాగాలకూ మధ్య స్పర్శలోనే ఉంటుంది. బ్యాటరీలు తీసి, స్ప్రింగు కొనను మంచి వెలుతురులో చూడండి. అక్కడ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి కనిపిస్తే, అది ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలి తగిలి గట్టిపడినది. దాన్ని వట్టి చేత్తో తాకకుండా, వెనిగర్ అద్దిన దూదిపుల్లతో కరిగించి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. అణగిపోయిన స్ప్రింగును కొద్దిగా పైకి లాగితే చాలు. చాలామంది గమనించనిది వెనుక మూత మరలు: లోహపు టార్చీల్లో సాధారణంగా కరెంటు గొట్టం గుండానే ప్రవహిస్తుంది కనుక, మరలనూ గొట్టం అంచునూ పొడిగుడ్డతో మెరిసేలా తుడిచి, మూతను గట్టిగా బిగించండి.