ఫిజిక్స్ తీసుకోబోయే మేనకోడలికి

అమ్మలూ,

"మామయ్యా, సివిల్స్‌కి ఆప్షనల్‌గా ఫిజిక్స్ తీసుకోనా?" అని నువ్వు ఫోన్లో అడిగితే చప్పున ఏమీ చెప్పలేకపోయాను. ఆ సబ్జెక్టుతో రెండుసార్లు మెయిన్స్ రాసి, గట్టెక్కలేక లెక్చరర్‌నైనవాణ్ణి. ఓడినవాడికి ఎక్కడ కాలు జారిందో బాగా గుర్తుంటుంది కాబట్టి రాస్తున్నాను.

ఎమ్మెస్సీ చేశాను కదా అని మాత్రం తీసుకోకు. ఆదివారం మధ్యాహ్నం కూడా ఒక లెక్క ముందేసుకుని కూర్చోబుద్ధవుతుందా? అయితే తీసుకో. పైగా గ్రూప్-1 కూడా రాస్తానంటున్నావు. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఆ పరీక్షలో ఆప్షనల్ లేదు. పాలిటీ, హిస్టరీ తీసుకున్నవాళ్ల చదువు అక్కడ కూడా పనికొస్తుంది, నీ క్వాంటమ్ మెకానిక్స్ పనికిరాదు. ఇది తెలిసే దిగు.

మా రోజుల్లో రెండు ఆప్షనల్స్ ఉండేవి. 2013 నుంచి ఒకటే. 250 మార్కుల పేపర్లు రెండు, రాతపరీక్ష మొత్తం 1750లో 500 మార్కులు. మూడు గంటల్లో ఎనిమిది ప్రశ్నల్లో ఐదు రాయాలి. ఒకటీ ఐదూ తప్పనిసరి. లెక్క వేసుకో, పది మార్కులకు ఏడు నిమిషాలు!

నేను పోయింది అక్కడే. హైడ్రోజన్ పరమాణువు మీద ప్రశ్న రాగానే ఒళ్లు మరిచిపోయాను. ష్రోడింగర్ సమీకరణం నుంచి ఒక్క మెట్టూ వదలకుండా, క్లాసులో బోర్డు మీద రాసినట్టు రాశాను. తల ఎత్తేసరికి నలభై నిమిషాలు. ఆఖరి ప్రశ్న ముట్టుకోనేలేదు, అదీ నాకు కంఠతా వచ్చిన స్టెర్న్-గెర్లాక్ ప్రయోగం. ఇంటికొచ్చాక మీ అమ్మమ్మ ఎలా రాశావురా అంటే బాగా రాశానన్నాను. అబద్ధం కాదు, ఆ ఒక్కటీ బాగానే రాశాను.

అందుకే డెరివేషన్ చదివి అర్థమైందని పుస్తకం మూయకు. మూసేసి, గడియారం పెట్టుకుని, తెల్లకాగితం మీద రాయి. ఎక్కడ ఆగిపోయావో అక్కడ గుర్తు పెట్టు. మూడు రోజుల తర్వాత మళ్లీ రాయి. పటం గీయి, యూనిట్లు వదలకు. ప్రోగ్రామ్ చేయడానికి వీల్లేని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనిస్తారు. ఏ క్యాలిక్యులేటర్‌తో పరీక్ష రాస్తావో ఇప్పటినుంచీ దాంతోనే లెక్కలు చెయ్యి.

ముందు మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం పట్టు. రెండో పేపర్‌లో క్వాంటమ్ గట్టిగా వస్తే అటామిక్, న్యూక్లియర్ సగం తేలికవుతాయి. థర్మల్ చిన్నదే. ఎలక్ట్రానిక్స్ అంటే మా బ్యాచ్‌లో అందరికీ చిన్నచూపు. ఆప్-ఆంప్, లాజిక్ గేట్ల మీద సూటిగా వచ్చే ప్రశ్నలు వదులుకుని సాలిడ్ స్టేట్‌లో తల బాదుకునేవాళ్లం. నువ్వలా చెయ్యకు.

కోచింగ్ గురించి తర్వాత ఆలోచిద్దాం. ముందు యూపీఎస్సీ సైట్లో పాత పేపర్లు దించుకో. ఏదో ఒక ఏడాది మొదటి పేపరు తీసుకుని, ఫోన్ మీ అమ్మ చేతికిచ్చి, మూడు గంటలు కూర్చుని రాయి. ఎంత వస్తే అంతే, కొట్టివేతలతో సహా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. ఎర్రపెన్ను పట్టుకుని నేను దిద్దుతాను. మేనకోడలివని ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యను.

మీ మామయ్య