షోరూమ్‌లో చేతికిచ్చిన ఆ లిస్టులో ఏవి ఉంచాలి?

ప్రశ్న: మొదటిసారి కారు కొంటున్నాను. ధర కుదిరి అడ్వాన్స్ కట్టాక ఎక్స్‌టెండెడ్ వారంటీ, సిరామిక్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్, టైర్లలో నైట్రోజన్, యాక్సెసరీల ప్యాకేజీ అంటూ ఒక లిస్టు ఇచ్చారు. మొత్తం కారు ధరలో 8 శాతం దాకా ఉంది. ‘లోన్‌లో కలిపేస్తాం, ఈఎంఐ కొంచెమే పెరుగుతుంది’ అంటున్నారు. అయిదేళ్ల లోను. కారును ఎనిమిదేళ్లయినా వాడాలని ఉంది. ఏవి తీసుకోమంటారు?

జవాబు: ముందు ఆ ‘కొంచెమే’ సంగతి తేల్చుకుందాం. 9 శాతం వడ్డీకి అయిదేళ్ల లోను అనుకుంటే, అందులో కలిపిన ప్రతి 100కీ మీరు చివరికి కట్టేది దాదాపు 125. పెయింటు మీద పూతగా వేసే, రెండు మూడేళ్లలో మెరుపు తగ్గిపోయే సిరామిక్ కోటింగ్‌కి అయిదో ఏడు కూడా వాయిదా కడుతూనే ఉంటారన్నమాట. అందుకే ఏది తీసుకున్నా చేతిలో ఉన్న డబ్బుతోనే తీసుకోండి. ఆ డబ్బు తీసివ్వడానికి మనసొప్పకపోతే, ఆ వస్తువు మీకు అంత అవసరం లేనట్టే.

కారు ధర దగ్గర బేరమాడాక షోరూమ్ వాళ్లకు పెద్దగా మిగలదు. ఈ అదనాల మీద మాత్రం బాగా మిగులుతుంది. వాళ్ల వ్యాపారం వాళ్లది, తప్పుపట్టను. కానీ వీటి మీద కూడా బేరం ఆడొచ్చని చాలామందికి తట్టదు.

లిస్టులో ఒక్కోదాని దగ్గరా ఆగి, ‘ఇవాళ వద్దంటే రేపు దొరకదా?’ అని అడగండి. సీటు కవర్లు, మ్యాట్లు, కెమెరా, సిరామిక్ కోటింగ్ అన్నీ బయట, ఎప్పుడైనా దొరుకుతాయి. వాటిని ఇవాళ్టికి కొట్టేయండి. బయట ఏదైనా ఎలక్ట్రికల్ సామాను బిగించుకుంటే మాత్రం వైర్లు కత్తిరించనివ్వకండి, తర్వాత వారంటీ దగ్గర పేచీ వస్తుంది. నైట్రోజన్‌కి డబ్బు దండగ. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, నెలకోసారి ప్రెషర్ చూయించుకుంటే చాలు. కారు అడుగుభాగానికి వేసే అండర్‌బాడీ కోటింగ్ విషయానికొస్తే, ఇప్పటి కార్లకు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే కొంత రక్షణ చేసి పంపుతారు. సముద్రం పక్కనో, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీదో తిరిగే కారైతే ఆలోచించండి.

నిజంగా ఆలోచించాల్సింది ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించే. అది ఇస్తున్నది కారు కంపెనీయా, వేరే సంస్థా అన్నది ముందు చూడండి. వేరే సంస్థదైతే నేను ఆమడ దూరం ఉంటాను, రిపేరు వచ్చినప్పుడు ఎవరి చుట్టూ తిరగాలో తెలియదు. ఇది సాధారణంగా కంపెనీ వారంటీ అయిపోయాకే మొదలవుతుంది. మూడేళ్ల వారంటీ ఉన్న కారుకు ఇంకో రెండేళ్లు కొంటే పనికొచ్చేది నాలుగు, అయిదు సంవత్సరాల్లోనే. మీరనుకుంటున్న ఎనిమిదేళ్లలో ఆఖరి మూడేళ్లు ఎలాగూ మీ జేబు నుంచే. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ల లాంటి అరిగే సామాన్లకు మామూలుగా ఇది వర్తించదు. ఒక సర్వీసు సమయానికి చేయించకపోయినా క్లెయిమ్ తిరస్కరించే షరతులుంటాయి. చాలా కంపెనీలు మొదటి వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా కొననిస్తాయి. అప్పుడు ధరెంతో ఇప్పుడే అడిగి రాసుకోండి.

నా లెక్క ఇదీ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో ఇంజన్, నిండా ఎలక్ట్రానిక్స్ ఉన్న కారై, పెద్ద రిపేరు వస్తే తట్టుకునే అత్యవసర నిధి మీ దగ్గర లేకపోతే కంపెనీ వారంటీ తీసుకోండి. నిధి ఉంటే వారంటీకి పెట్టే డబ్బును కారు పేరుతో విడిగా డిపాజిట్ చేసుకోండి. అది వారంటీ ఇవ్వని టైర్లకూ పనికొస్తుంది, వాడకపోతే మీకే మిగులుతుంది.

మీ లిస్టులో లేనిది ఒకటుంది. కారు పూర్తిగా దెబ్బతింటే బీమా సంస్థ మామూలుగా ఇచ్చేది కొన్న ధర కాదు, తరుగుదల పోను ఉన్న విలువే. డౌన్ పేమెంట్ తక్కువ కట్టి ఉంటే లోను బాకీ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ తేడాకు కవర్ దొరుకుతుందేమో బీమా సంస్థనే నేరుగా అడగండి.

ప్యాకేజీగా కాకుండా ఒక్కో అంశం ధర విడివిడిగా రాసిచ్చిన కొటేషన్ తీసుకోండి. ‘ముందే వేసేశాం సార్, తీయడం కుదరదు’ అంటే, అడగని దానికి డబ్బివ్వనని, లేదా అది వేయని బండి ఇమ్మని చెప్పండి. లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు అందులోని మొత్తం మీరు ఒప్పుకున్న అంకెతో సరిపోయిందో లేదో చూసుకోండి.