మందు మానే మీటింగుకి వెళ్లాలా వద్దా అని కారులో కూర్చున్నవాళ్లకి

నేను మొదటిసారి మీటింగుకి వెళ్లినప్పుడు అసలు లోపలికే పోలేదు. 20 నిమిషాలు కారులో కూర్చుని, తలుపు దగ్గర కాఫీ తాగుతూ నిలబడ్డ ఇద్దరు పెద్దాయనల్ని చూసి, వీళ్ల మధ్య నాకేం పని అనుకుని ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి మళ్లీ తాగాను. రెండోసారి వెళ్లింది మూడు నెలల తర్వాత. మానేసి ఇప్పటికి 11 ఏళ్లు. దేశం కొత్త, మనుషులు కొత్త, సాయంత్రం ఒక పెగ్గుతో మొదలైంది ఇప్పుడు సీసా ఖాళీ అయ్యేదాకా ఆగట్లేదు అని నా దగ్గరకొచ్చేవాళ్లు అందరికంటే ముందు అడిగేది ఒకటే: మనవాళ్లెవరైనా చూస్తే?

చూస్తే చూడనివ్వండి. అక్కడ కనిపించిన మనవాడూ అదే పని మీద వచ్చాడు కదా. నాకు అలాగే ఒకసారి మా ఆఫీసులో పనిచేసే తెలుగాయన ఎదురుగా కూర్చున్నాడు, గంటసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, బయటికొచ్చాక ఆయనే మెల్లగా "ఎన్నాళ్లయింది మీరు మానేసి?" అన్నాడు. ఇంతవరకూ ఆ విషయం నేనెవరికీ ఆయన పేరుతో చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను, ఇద్దరూ తాగుడు వదల్లేక అల్లాడినవాళ్లే, కలిసి ఈ మీటింగులు పెట్టే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘాన్ని మొదలుపెట్టారు. అందరూ ఏఏ అంటారు. పేరులోనే అనానిమస్ ఉంది, అంటే ఎవరో బయటపెట్టరని. ఇంటిపేరు చెప్పక్కర్లేదు, రిజిస్టరు ఉండదు, ఫీజు లేదు. ఖర్చుల కోసం ఒక బుట్ట తిప్పుతారు, కొత్తవాళ్లు ఏమీ వెయ్యకపోయినా ఎవరూ ఏమనుకోరు.

తర్వాతి టెన్షన్ వీసా. మీ అంతట మీరు మీటింగుకి వెళ్తే అది ఏ కాగితం మీదకీ ఎక్కదు. తాగి కారు నడిపి పట్టుబడితే మాత్రం ఎక్కుతుంది, అసలు చిక్కులు అక్కడే మొదలవుతాయి. కొందరు కోర్టు పంపితే వస్తారు, వాళ్లు కాగితం మీద సంతకం పెట్టించుకోవడం చూసి కంగారుపడకండి, అది వాళ్ల గొడవ.

ఒక్కమాట, ఇది ముందే చెప్పాల్సింది. రోజూ బాగా తాగేవాళ్లు మీటింగుకి వెళ్లిన ఉత్సాహంలో రాత్రికి రాత్రి ఆపెయ్యకండి. చేతులు వణకడం, చెమటలు దగ్గరే ఆగిపోతే పర్వాలేదు కానీ, ఆపిన మొదటి కొన్ని రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ముందు డాక్టరుకి ఎంత తాగుతున్నారో నిజం చెప్పండి, సగం తగ్గించి చెప్పకండి. తాగాలనే కోరికని తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు కూడా ఉన్నాయి. మీటింగులో ఎవరైనా మాత్రలు వద్దంటే వినొద్దు, ఆ మాట చెప్పాల్సింది డాక్టరే.

మీటింగు దొరకడం కష్టం కాదు. ఏఏ వాళ్ల మీటింగ్ గైడ్ అనే యాప్ ఫ్రీ, దగ్గర్లో ఎక్కడ ఎప్పుడు జరుగుతాయో చూపిస్తుంది. ఓపెన్ అని ఉంటే ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే, అంటే మీరూ వెళ్లొచ్చు. బిగినర్స్ అని ఉన్నది దొరికితే ఇంకా మంచిది. చాలా మీటింగులు చర్చి బేస్‌మెంట్లో జరుగుతాయి, మతం మారుస్తారేమో అని నాకూ అనుమానం వచ్చింది. గది అద్దెకి దొరుకుతుంది కాబట్టి అక్కడ పెడతారు, అంతే. దేవుడి మాట వస్తుంది, కాదనను. ఎవరికి తోచిన దేవుణ్ని వాళ్లు తలచుకోమంటారు. నేను మొదటి ఏడాది ఆ వాక్యాలు వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని కూర్చున్నాను, ఎవరూ అడగలేదు. దేవుడి ఊసే వద్దనుకుంటే స్మార్ట్ రికవరీ అని వేరే ఉంది, అక్కడ ఆలోచనల్ని, తాగాలనే కోరికని ఎలా ఎదుర్కోవాలో నేర్పిస్తారు. రెండింటికీ ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి, కానీ కుదిరితే మనుషుల మధ్య కూర్చోండి.

లోపల జరిగేది సాధారణంగా గంట. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడరు, సలహా ఇవ్వరు. మీ వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి "పాస్" అంటే చాలు. ఇంగ్లీషు తడబడుతుందని భయం వద్దు, నేను మొదటిసారి నోరు విప్పి చెప్పింది రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదని, అదొక్కటే. చివర్లో కొందరు ఫోన్ నంబర్లు రాసిస్తారు. జేబులో పెట్టి మర్చిపోకండి, తాగాలనిపించినప్పుడు గ్లాసు పట్టుకోకముందే చెయ్యాలి, పట్టుకున్నాక ఎవరూ చెయ్యరు.

ఒక మీటింగు నచ్చకపోతే ఇంకోటి చూడండి. నేను వెళ్లిన మొదటి రెండూ నాకు పడలేదు, ఒకచోట అందరూ పాత స్నేహితుల్లా నవ్వుకుంటుంటే పరాయివాడిలా అనిపించింది. కనీసం ఐదారు చూడకుండా "మనకి పనికిరాదు" అనుకోవద్దు. ఇంట్లో భార్యగానీ భర్తగానీ నలిగిపోతుంటే వాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, మీరు మీ మీటింగుకి రాకపోయినా వాళ్లు వెళ్లొచ్చు.

తలుపు దగ్గర ఆ పెద్దాయనలు కాఫీ కోసం నిలబడలేదట, కొత్తవాళ్లెవరైనా వస్తే పలకరించడానికి ముందే వచ్చి నిలబడతారట. నాకు తర్వాత తెలిసింది. పది నిమిషాలు ముందు వెళ్లండి, ఇదే మొదటిసారి అని వాళ్లకి చెప్పండి, ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చూపిస్తారు.