మూడేళ్లు దాటితే ఎయిర్‌గన్ కేసు పోతుందా?

ప్రశ్న: మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. కోతుల బెడద పడలేక ఎయిర్‌గన్ కొన్నాను. 2023 సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి, అప్పటికి పదమూడేళ్లు, దాన్ని అటక మీద నుంచి దించి మేడ మీద ఆడుతుంటే పెల్లెట్ పక్కింటి బాబు ఎడమ కంటికి తగిలి చూపు పోయింది. ఆ బాబు పుట్టింది 2014 ఆగస్టులో. కర్ర గుచ్చుకుందని ఆసుపత్రిలో రాయించాం. పెద్దమనుషుల్లో కూర్చుని లక్షన్నర ఇచ్చాను. ఇక ఏ కేసూ వేయమని 100 రూపాయల స్టాంపు కాగితం మీద వాళ్ల నాన్న సంతకం పెట్టాడు. ఇప్పుడు పది లక్షలు ఇవ్వాలని లాయర్ నోటీసు పంపారు. మావాడు కావాలని చేయలేదు, ఆ రోజు నుంచి వాడికి తిండి సయించదు, చదువు పాడైంది. అంతకు ముందొకసారి వాళ్ల వాటర్ ట్యాంకుకు చిల్లు పెడితే నాలుగు తగిలించి, గన్ అటక మీద పెట్టింది కూడా నేనే. ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు కదా? వచ్చే జనవరికి మూడేళ్లు నిండుతాయి, అప్పటిదాకా జవాబివ్వకుండా ఊరుకుంటే చాలా? ముందుజాగ్రత్తగా పొలం నా భార్య పేర గిఫ్టు రాయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది మీవాడి వయసు కాదు, ఆ ట్యాంకుకు పడిన చిల్లు.

కొడుకు చేసిన నష్టానికి తండ్రి అయినంత మాత్రాన బాధ్యత రాదు. తండ్రి సొంత నిర్లక్ష్యం ఉంటేనే వస్తుంది. ఇలాంటి నష్టపరిహారాలకు మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు, ఇంగ్లిష్ తీర్పుల్లోని సూత్రాలనే మన కోర్టులూ పాటిస్తున్నాయి. వాటిలో ఎయిర్‌గన్ తగాదాలు చాలానే ఉన్నాయి. 1916 నాటి బీబీ వర్సెస్ సేల్స్ కేసులో పదిహేనేళ్ల కొడుకు గన్‌తో కిటికీ పగలగొట్టాడని ఫిర్యాదు వచ్చాక కూడా తండ్రి దాన్ని వాడి చేతిలో ఉండనిచ్చాడు, తర్వాత ఇంకో పిల్లవాడి కన్ను పోయింది. తండ్రే బాధ్యుడన్నారు. 1952లో డొనాల్డ్‌సన్ వర్సెస్ మెక్‌నివెన్‌లో ఇంటి బయట వాడనని కొడుకు మాట ఇచ్చాడు, ఆ మాట నమ్మడానికి తండ్రికి కారణం ఉంది, కాబట్టి తండ్రి బయటపడ్డాడు. 1959లో న్యూటన్ వర్సెస్ ఎడ్జర్లీలో పన్నెండేళ్ల కొడుకును తుపాకీ ఉంచుకోనిచ్చి, పొలం దాటి తీసుకెళ్లొద్దని చెప్పిన తండ్రి మాత్రం తప్పించుకోలేకపోయాడు.

మీది మొదటి కేసుకు అచ్చంగా దగ్గర. ప్రమాదం జరగొచ్చని మీకు ముందే తెలుసు, తెలిసీ గన్‌ను ఇంట్లో ఉంచారు. అటక మీద పెట్టానంటారు. స్టూలు వేసుకుంటే అందే అటకకు తాళం ఉందా? పెల్లెట్ల డబ్బా ఎక్కడుంది? గన్ పైన, డబ్బా టీవీ కింద సొరుగులో ఉంటే అది దాచడం కాదు. గన్ ఒక చోట, పెల్లెట్లు ఇంకో చోట, రెండింటికీ తాళం, తాళంచెవి మీ దగ్గర ఉండి ఉంటే ఈ జవాబు వేరేగా రాసేవాణ్ని. కోతుల కోసం కొన్న గన్ పిల్లల ఆటవస్తువు ఎలా అయిందని అడిగితే మీ దగ్గర సమాధానం లేదు.

ఇక గడువు సంగతి. మీ లెక్క సగమే నిజం. శరీర గాయానికి నష్టపరిహారం దావా లిమిటేషన్ చట్టం 113వ ఆర్టికల్ కింద మూడేళ్లలోపు వేయాలి. కానీ గాయపడింది మైనర్. 6, 8 సెక్షన్ల ప్రకారం అతనికి 18 నిండాకే ఆ మూడేళ్లు మొదలవుతాయి. ఆ బాబుకు 2032 ఆగస్టులో 18 నిండుతాయి, 2035 ఆగస్టు దాకా మీ మీద దావా వేయొచ్చు. జనవరితో పోయేది ఆ తండ్రి తన పేరున అడిగే ఆసుపత్రి ఖర్చు ఒక్కటే, అదీ బాబు దావాలోనే కలిపి అడుగుతారు. మౌనంగా ఉంటే మీకు కలిసొచ్చేది లేదు, వడ్డీ పెరగడం తప్ప.

స్టాంపు కాగితం మీద నమ్మకం పెట్టుకోకండి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మైనర్‌ను వ్యక్తిగత ఒప్పందంతో కట్టిపడేసే అధికారం తండ్రికి లేదు. పోలీసు కేసు పెట్టకుండా ఉండేందుకని డబ్బు ఇచ్చినట్టు అందులో రాసి ఉంటే ఆ షరతు కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లనే చెల్లదు. పైగా దాని మీద మీ సంతకం కూడా ఉంటే, మీవాడి చేతిలో గన్ పేలిందని మీరు ఒప్పుకున్న రుజువు అదే. లక్షన్నర ముట్టిందనడానికి మాత్రం పనికొస్తుంది, ఆ మొత్తాన్ని మినహాయించమని అడగొచ్చు. చేతికి ఇచ్చారా, బ్యాంకు ద్వారానా? రాయలేదు. బ్యాంకు ద్వారా అయితే స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి.

కర్ర గుచ్చుకుందని రాయించడం తెలివితక్కువ పని. సీసం పెల్లెట్ సీటీ స్కాన్‌లో తెల్లని చుక్కలా, చుట్టూ గీతలతో కనిపిస్తుంది. ఆపరేషన్ నోట్స్‌లో తీసిన వస్తువు ఏమిటో రాసి ఉంటుంది. ఆ కాగితాలన్నీ వాళ్ల దగ్గరున్నాయి. రిప్లైలో మళ్లీ ఆ కర్ర కథ ఎత్తితే దావాలో మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

లైసెన్స్ విషయానికొస్తే, గన్ బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో ముందు చూడండి. ఆయుధాల చట్టం నిర్వచనంలో మందుగుండుతోనే కాక ఇంకే శక్తితో గుండు వదిలినా అది తుపాకీయే. ఎయిర్‌గన్‌కు ఉన్నది మినహాయింపు మాత్రమే: బోరు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, శక్తి 20 జౌళ్లు దాటకూడదు. 0.22 లేదా 5.5 అని చెక్కి ఉంటే లైసెన్స్ లేకుండా ఉంచుకున్నందుకు 25(1బీ) సెక్షన్ పడుతుంది, 2019 సవరణ తర్వాత అది రెండు నుంచి ఐదేళ్ల శిక్ష. దానికి మూడేళ్ల గడువు వర్తించదు. అలాంటిదైతే అమ్మొద్దు, చెరువులో పారేయొద్దు. ఇప్పుడు మాయం చేస్తే సాక్ష్యం మాయం చేసిన నేరం, బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 238వ సెక్షన్, కొత్తగా మెడకు చుట్టుకుంటుంది. న్యాయవాదిని వెంటబెట్టుకుని స్టేషన్‌లో అప్పగించే దారి చూడండి.

ఘటన 2024 జులై 1కి ముందుది కాబట్టి నేరం పాత ఐపీసీ కిందికే వస్తుంది. ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం తీవ్ర గాయమే, 338వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష, కోర్టు కేసు స్వీకరించడానికి గడువు మూడేళ్లు. ఈ ఒక్క విషయంలో మీ జనవరి లెక్క పనికొస్తుంది, కానీ నోటీసు పంపిన లాయరుకు కూడా ఆ తేదీ తెలుసు, ఫిర్యాదు ఈలోపే రావచ్చు. మీవాడు పన్నెండు దాటాడు కాబట్టి పసితనం మినహాయింపు లేదు. అయినా విచారణ జువైనల్ జస్టిస్ బోర్డులోనే జరుగుతుంది, పేరు బయటపెట్టకూడదు, రేపు ఉద్యోగానికి ఇది అడ్డు కాకుండా జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ కాపాడుతుంది. వాడి గురించి అంతకు మించి భయం అక్కర్లేదు.

పొలం గిఫ్టు మాట మరిచిపోండి. నోటీసు అందిన తేదీ తపాలా రశీదు మీద ఉంటుంది, గిఫ్టు డీడ్ తేదీ ఈసీలో (ఆస్తి లావాదేవీల పత్రంలో) ఉంటుంది, రెండూ పక్కపక్కన పెడితే ఏ జడ్జికీ వేరే వివరణ అక్కర్లేదు. ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద అది రద్దవుతుంది, ఈలోగా తీర్పుకు ముందే జప్తు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 38 రూల్ 5 కింద అర్జీ పడుతుంది. పొలం అమ్మి పరిష్కరించుకునే అవకాశం కూడా మీ చేతిలోంచి పోతుంది.

పది లక్షలు అన్యాయం అనిపిస్తోందా? 2013లో మల్లికార్జున్ కేసులో సుప్రీంకోర్టు రోడ్డు ప్రమాదాల్లో పిల్లలకు 10 శాతం దాటి 30 శాతం వరకు వైకల్యానికి 3 లక్షలు, 60 శాతం వరకు 4 లక్షలు అంది, వైద్యఖర్చులు దానికి అదనం. 2020లో కాజల్ తీర్పు తర్వాత లెక్కలు పైకే వెళ్తున్నాయి. మీది రోడ్డు ప్రమాదం కాదు గానీ జడ్జి చూసే కొలత ఇదే. కాబట్టి బేరం కాగితాలతో మొదలవ్వాలి: వైకల్యం ఎంత శాతమో తెలిపే ప్రభుత్వ సర్టిఫికెట్ అడగండి, అసలు ఆసుపత్రి బిల్లులు అడగండి, కృత్రిమ కన్ను పెట్టి ఉంటే ఎన్నేళ్లకోసారి మార్చాలో డాక్టర్ రాతపూర్వకంగా ఇచ్చింది అడగండి.

ఇప్పుడు చేయాల్సింది, నోటీసులో ఇచ్చిన గడువులోపు న్యాయవాది ద్వారా రిప్లై. అబద్ధం వద్దు, తప్పు ఒప్పుకోవడం వద్దు. ఇచ్చిన లక్షన్నర పేర్కొని, మా హక్కులకు భంగం లేకుండా రాజీకి సిద్ధమని రాయించండి. రాజీ కుదిరితే మళ్లీ స్టాంపు కాగితం కాదు. బాబు తరఫున తండ్రి నెక్స్ట్ ఫ్రెండ్‌గా దావా వేయాలి, సీపీసీ ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతి తీసుకోవాలి, సొమ్ము బాబు పేర జాతీయ బ్యాంకులో 18 నిండేదాకా డిపాజిట్ చేయాలి. అనుమతి లేని రాజీని బాబు పెద్దయ్యాక కొట్టేయించుకోవచ్చు, మీరు రెండోసారి కట్టాల్సి వస్తుంది. దావా లోక్ అదాలత్‌కు వెళ్లి ముగిస్తే వాళ్లు కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. బాబు మైనర్ కాబట్టి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత సహాయం ఉంది. ఈ రెండూ అవతలి వాళ్లకు చెప్పించండి, రాజీకి త్వరగా వస్తారు.

రిప్లై వెళ్లేదాకా పక్కింటివాళ్లకు వాట్సాప్‌లో ఏమీ పంపొద్దు. ఇంతకు ముందు మీరు గానీ మీ భార్య గానీ పంపినవి డిలీట్ చేయకుండా న్యాయవాదికి చూపించండి.