అద్దె ఇంటి హాలుకు ఒక పాత టేకు పెట్టె చాలు

నమస్తే అండీ. అద్దె ఇల్లు, చేతిలో 5,000 రూపాయలు, మేకు కొట్టొద్దనే ఓనరు, హాలు చూస్తే బోసిగా ఉందన్నారు. ఆ డబ్బు చిన్నాచితకా బొమ్మల మీద పెట్టకండి. పాత టేకు పెట్టె ఒక్కటి కొనండి. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఆదివారం ఎర్రగడ్డ సంతకో, గురువారం జుమ్మేరాత్ బజారుకో పొద్దున్నే వెళ్లండి.

కొనేముందు పెట్టెను తిరగేసి అడుగు చూడండి. గుండుసూది తలంత కన్నాలుండి, తడితే మెత్తటి పొడి రాలితే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. ఎంత చవకైనా వద్దు, మిగతా చెక్క సామానుకీ పడుతుంది. నల్లబడిన పాలిష్ గురించి మాత్రం టెన్షన్ పడకండి. ముందు 120 నంబరు సాండ్‌పేపర్‌తో, తర్వాత 220తో, చెక్కలో చార ఎటు పోతే అటే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు తేలతాయి. పైన లిన్సీడ్ ఆయిల్ (అవిసె గింజల నూనె) పల్చగా పట్టించండి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట ఆరేయండి.

అటక మీద అమ్మమ్మగారి ఇత్తడి బిందె ఉందన్నారు కదా, చింతపండు, ఉప్పుతో తోమి పెట్టె పక్కనే పెట్టండి. అద్దం కావాలంటే పెట్టె మీదే నిలబెట్టి గోడకు ఆనించండి, మేకుతో పని లేదు.